జ్వరం దిగింది, జబ్బు దిగిందా?

అక్టోబరు దాటి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ముసురు పట్టిందంటే ల్యాబుల ముందు బెంచీలు ఖాళీగా ఉండవు. మూడు రోజుల జ్వరం, వారం జ్వరం, చేతికి దూది అదుముకొని కూర్చున్న పిల్లలు, పక్కన కొంగుతో విసురుతున్న అమ్మలు. గంటకో గంటన్నరకో ఒక కాగితం చేతికొస్తుంది. తెల్లకణాలు ఇన్ని, ప్లేట్‌లెట్లు ఇన్ని, ఈఎస్‌ఆర్ ఇంత, సీఆర్‌పీ ఇంత, చివర్లో విడాల్ అనే టైఫాయిడ్ పరీక్ష. "ఇన్‌ఫెక్షన్ ఎక్కువుందమ్మా, సీఆర్‌పీ 48 వచ్చింది" అని కౌంటర్లో కుర్రాడంటే, ఆ 48 ఒంట్లో ఉన్న క్రిముల లెక్క అనుకొని బెంబేలెత్తిపోయేవాళ్లే ఎక్కువ.

నిజానికి ఆ కాగితంలో క్రిమి ఎక్కడా లేదు. సీఆర్‌పీ మన కాలేయం తయారుచేసే ప్రోటీన్. 1930లో న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని మొదటిసారి గుర్తించారు. ఊపిరితిత్తిలోనో, మూత్రనాళంలోనో కాపలా ఉన్న రక్షణ కణం బ్యాక్టీరియాను పసిగట్టి ఐఎల్-6 అనే అణువును రక్తంలోకి వదులుతుంది. అది కాలేయానికి చేరితే కాలేయం సీఆర్‌పీని కుమ్మరిస్తుంది. మామూలుగా ఉండేదానికి వెయ్యి రెట్ల దాకా పెరగగలదు, అదీ రెండు రోజుల్లోపే. తెల్లకణాల సంఖ్య పెరగడం, ఈఎస్‌ఆర్ పెరగడం కూడా ఇలాంటి కబుర్ల ఫలితాలే. విడాల్ చూసేదీ మన యాంటీబాడీలనే. మన కణాలు ఒకదానికొకటి ఏం చెప్పుకున్నాయో కొలిచి, దాన్నిబట్టి శత్రువెవరో ఊహిస్తున్నామన్నమాట.

ఆ ఊహ చాలాసార్లు సరిపోతుంది. సరిపోని చోటే ప్రాణాల మీదికొస్తుంది. ఎందుకంటే కొన్ని బ్యాక్టీరియాలు ఒంట్లోకి రాగానే చెయ్యిపెట్టేది సరిగ్గా ఈ కబుర్ల మీదే. మన ప్రాంతంలో బాగా తిరిగే టైఫాయిడ్, లెప్టోస్పైరా, స్క్రబ్ టైఫస్, క్షయ క్రిములు నాలుగూ ఆ పనిని నాలుగు తీర్లలో చేస్తాయి. వాటిని అర్థం చేసుకుంటే, "ఒక్క సూదికే జొరం దిగిపోయింది" అనే మాటకు ఎందుకు సంబరపడకూడదో కూడా తెలుస్తుంది.

కణం ఎలా పసిగడుతుంది

చర్మం కింద, ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, పేగుల వెంట మాక్రోఫేజ్‌లనే కణాలు కాపురముంటాయి. దొరికిన చెత్తను మింగి అరిగించుకోవడం వాటి రోజువారీ పని. ఈ.కొలై, టైఫాయిడ్ క్రిమి లాంటి బ్యాక్టీరియాల పైపొర నిండా ఎల్‌పీఎస్ అనే కొవ్వూ చక్కెరా కలిసిన పదార్థం ఉంటుంది. మన ఒంట్లో ఏ కణమూ దీన్ని తయారుచేయదు. కాబట్టి అది తగిలిందంటే బయటివాడు వచ్చినట్టే. మాక్రోఫేజ్ ఒంటి మీదున్న టీఎల్‌ఆర్-4 అనే గ్రాహకం ఎల్‌పీఎస్‌ను పట్టుకుంటుంది. ఎంత కొంచెమైనా సరే. శుద్ధి చేసిన ఎల్‌పీఎస్‌ను కిలో శరీర బరువుకు 2 నుంచి 4 నానోగ్రాముల చొప్పున రక్తంలోకి ఎక్కిస్తే, నిక్షేపంలా ఉన్న మనిషికి కూడా కొద్ది గంటల్లోనే చలి, వణుకు, జ్వరం వస్తాయి. నానోగ్రామంటే గ్రాములో వంద కోట్లో వంతు. ఇక్కడ ప్రాణమున్న బ్యాక్టీరియా ఒక్కటి కూడా లేదు, గమనించండి. సెలైన్ సీసాల్లో క్రిములు లేకపోతే చాలదు, చచ్చిన క్రిముల ముక్కలు కూడా ఉండకూడదని పరీక్ష చేసేది ఇందుకే.

గ్రాహకానికి ఎల్‌పీఎస్ తగిలాక సంగతి కణం లోపలికి పాకుతుంది. మైడీ88 అనే ప్రోటీన్ ఐరాక్-4ను లేపుతుంది, అది ట్రాఫ్-6ను, అక్కణ్నుంచి ఐకేకే అనే ఎంజైమ్‌ను. సోమశిలలో వదిలిన నీళ్లు సంగం బ్యారేజీ దాకా వచ్చి, కాలువలుగా చీలి, తూము తూముకూ పాయలై వేల ఎకరాలకు పారినట్టు, పైన ఒకచోట తగిలిన చిన్న తాకిడి మెట్టు మెట్టుకూ పెరిగి కణమంతా పరుచుకుంటుంది. ఈ దారిలో అన్నిటికన్నా ముఖ్యమైన షట్టర్ పేరు ఐ-కప్పా-బి. మామూలప్పుడు ఇది ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్‌ను గట్టిగా పట్టుకొని కేంద్రకంలోకి పోనివ్వదు. ఐకేకే వచ్చి దాని మీద ఫాస్ఫేట్ ముద్ర వేస్తే షట్టర్ విరిగిపోతుంది. ఎన్‌ఎఫ్-కప్పా-బి కేంద్రకంలోకి దూకి వందలాది జన్యువులను తెరుస్తుంది. టీఎన్‌ఎఫ్, ఐఎల్-1, ఐఎల్-6, ఐఎల్-8 లాంటి సైటోకైన్లు, అంటే కణాల మధ్య కబుర్లు మోసే అణువులు, తయారయ్యేది అప్పుడే.

ఈ కథ బయటపడింది జ్వరాల మీద పరిశోధనలో కాదు, పండ్ల మీద వాలే చిన్న ఈగలో. పిండం ఎదుగుదలకు అవసరమైన టోల్ అనే జన్యువును అందులో ముందే గుర్తించారు. అదే జన్యువు చెడిపోతే ఈగ బూజు పట్టి చచ్చిపోతుందని 1996లో ఫ్రాన్స్‌లో జూల్స్ హాఫ్‌మన్ బృందం చూపింది. మరుసటి ఏడాదే అమెరికాలో మెడ్జిటోవ్, జేన్‌వే మనిషిలో దానికి సోదరుణ్ని కనిపెట్టారు. 1998లో బ్రూస్ బ్యూట్లర్ ఎల్‌పీఎస్‌ను పట్టే గ్రాహకం ఆ సోదరుడే, అంటే టీఎల్‌ఆర్-4 (టోల్ లాంటి గ్రాహకం) అని తేల్చాడు. హాఫ్‌మన్, బ్యూట్లర్ 2011 నోబెల్‌లో సగం పంచుకున్నారు.

బ్యూట్లర్ వాడిన చిట్టెలుకల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. వాటిలో టీఎల్‌ఆర్-4 పుట్టుకతోనే పాడైపోయింది. వేరే ఎలుకల్ని చంపేంత ఎల్‌పీఎస్ ఎక్కించినా వీటికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అదృష్టవంతులే అనుకుంటాం. కానీ ప్రాణమున్న సాల్మొనెల్లా కొద్దిగా ఎక్కిస్తే చాలు, మామూలు ఎలుకలు తట్టుకునే మోతాదుకే ఇవి చచ్చిపోతాయి. కబురు వినపడనివాడికి జ్వరమూ లేదు, రక్షణా లేదు. మనుషుల్లోనూ ఇలాంటి పిల్లలున్నారు. మైడీ88, ఐరాక్-4 జన్యువుల్లో పుట్టులోపం ఉంటే పసితనంలో న్యుమోకోకస్ లాంటి బ్యాక్టీరియా పదేపదే మీదపడుతుంది. అంత తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌లోనూ మొదట్లో జ్వరం సరిగా రాదు, సీఆర్‌పీ పెద్దగా పెరగదు. కాగితం చూస్తే బాగానే ఉన్నట్టుంటుంది.

టోల్ మాట వచ్చింది కాబట్టి కోట, విడవలూరు, కొత్తపట్నం వైపు రొయ్యల చెరువులున్నవాళ్లకు ఒక ముక్క. రొయ్యకు యాంటీబాడీలు లేవు. టోల్, దానికి తోడు మరికొన్ని పాత గ్రాహకాలు, రక్తంలో హీమోసైట్లనే కణాలు, అంతే దాని సైన్యం. పెంకు మీద దెబ్బతగిలిన చోట, బ్యాక్టీరియా తొలిచిన చోట కనిపించే నల్లమచ్చ ఆ సైన్యం పనే. గ్రాహకానికి క్రిమి ముక్క తగలగానే రక్తంలో నిద్రాణంగా ఉన్న ఒక ఎంజైమ్ వరస మేలుకొని ఆ చోటంతా మెలనిన్‌తో కప్పేస్తుంది. మేతలో కలిపే 'ఇమ్యూనిటీ' డబ్బాల్లో చాలావాటిలో ఉండేది బీటా గ్లూకాన్, అంటే బూజు, ఈస్టు గోడల పదార్థం. శత్రువు రాకముందే గ్రాహకాన్ని తట్టి లేపడం దాని ఉద్దేశం. రోజూ తట్టి లేపితే రొయ్య తన మేత బలాన్ని ఎదుగుదలకు కాక కాపలాకు ఖర్చుపెట్టాల్సి వస్తుంది. డబ్బా మీద ఆ సంగతి రాయరు. నీళ్లలో ఆక్సిజన్, అడుగున బురద చూసుకోకుండా డబ్బాలు కొట్టేవాళ్లను చూస్తే నాకు జాలే.

మళ్లీ మనిషి దగ్గరికొద్దాం. ఐఎల్-8 నెత్తుట్లోంచి న్యూట్రోఫిల్ అనే తెల్లకణాల్ని పిలుస్తుంది. టీఎన్‌ఎఫ్ రక్తనాళాల గోడల్ని కాస్త వదులు చేస్తుంది, పిలుపందుకున్నవాళ్లు బయటికి రావాలి కదా. వాపు, ఎరుపు అందుకే. ఐఎల్-1, ఐఎల్-6 మెదడు దాకా పోతే అక్కడ ప్రోస్టాగ్లాండిన్ ఇ2 తయారై ఒంటి వేడిని నిర్ణయించే చోట గీత పైకి జరుగుతుంది. పారాసెటమాల్ పనిచేసేది ఈ చివరి మెట్టు మీద. మిగతా కబుర్లను అది దాదాపు ముట్టుకోదు. కాబట్టి జ్వరానికి పారాసెటమాల్ వేసుకుంటే రోగనిరోధకత పోతుందేమోనన్న బెంగ అక్కర్లేదు.

ఈ కబుర్లకు తాళం కూడా లోపలే ఉంది. ఎన్‌ఎఫ్-కప్పా-బి తెరిచే జన్యువుల్లో ఐ-కప్పా-బి జన్యువు కూడా ఒకటి. తనను కట్టేసే తాడును తానే పేనుకుంటుంది. అందుకే బ్యాక్టీరియా పోయాక మంట దానంతటదే చల్లారుతుంది.

చొక్కా తొడుక్కొని వచ్చే టైఫాయిడ్

సాల్మొనెల్లా కుటుంబంలో చాలా రకాలున్నాయి. పెళ్లి భోజనం చెడిపోయినప్పుడు మరుసటి రోజే వాంతులు, విరేచనాలు తెప్పించే రకాలు పేగుల్లో గోల చేసి గోలతోనే పోతాయి. టైఫాయిడ్ క్రిమి అలా కాదు. అది నోట్లోకి పోయాక జ్వరం వచ్చేసరికి మామూలుగా వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అన్ని రోజులూ మన కాపలా కణాలు ఏం చేస్తున్నట్టు?

దానికి వీఐ అనే చక్కెర తొడుగుంది. పేగు గోడ దాటి లోపలికి రాగానే ఈ తొడుగు తయారుచేసుకొని ఒంటి మీది ఎల్‌పీఎస్‌ను కప్పేసుకుంటుంది. టీఎల్‌ఆర్-4కు పట్టుకోవడానికి ఏమీ అందదు. ఈ తొడుగును నడిపే జన్యువే బ్యాక్టీరియా ఈదడానికి వాడే తోకల తయారీని కూడా తగ్గించేస్తుంది. ఆ తోకల్లోని ఫ్లాజెలిన్‌ను పట్టుకోవడానికి మన కణాలకు వేరే గ్రాహకాలున్నాయి మరి. రెండు గుర్తులూ దాచేసి మాక్రోఫేజ్‌ల లోపలే ఎక్కి, కాలేయం, ప్లీహం, ఎముక మజ్జ దాకా ప్రయాణిస్తుంది. టైఫాయిడ్‌లో జ్వరం మెట్టు మెట్టుగా ఎక్కడానికీ, అంత జ్వరంలోనూ తెల్లకణాల లెక్క మామూలుగానో తక్కువగానో ఉండడానికీ ఈ దాపరికంతో సంబంధం ఉంది.

దాచుకోవడానికి వేసుకున్న ఆ తొడుగే దాన్ని పట్టించే గుర్తయింది. వీఐ చక్కెరను ఒక ప్రోటీన్‌కు అతికించి చేసిన కాంజుగేట్ టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసింది. హైదరాబాద్‌లో తయారయ్యే టీకా ఈ రకందే. పారాటైఫాయిడ్ ఎ క్రిమికి మాత్రం ఈ తొడుగు లేదు, కాబట్టి ఈ టీకా దాన్ని ఆపదు.

ఇక విడాల్. 1896 నాటి పరీక్ష. ఏనాడో వచ్చిపోయిన ఇన్‌ఫెక్షన్‌కూ, దగ్గరి చుట్టాలైన వేరే బ్యాక్టీరియాకూ తయారైన యాంటీబాడీలు కూడా ఇందులో పాజిటివ్ చూపిస్తాయి. మన ఊళ్లలో ఒక్కసారి చేసిన విడాల్ చూసి టైఫాయిడ్ అని రాసేయడం ఆచారమైపోయింది. "ఏం నాయనా, టైఫాయిడేనా?" అంటే "పాజిటివ్ వచ్చింది పెద్దమ్మా" అనడం, ఆమె ఇంటికెళ్లి వారం రోజులు జావ తాగడం. మొదటి వారంలో, యాంటీబయాటిక్ పడకముందు తీసిన బ్లడ్ కల్చర్‌కు, అంటే రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్షకు, ఉన్న విలువ దానికి లేదు. కల్చర్‌లోనే నిజంగా క్రిమిని పట్టుకుంటాం. ఖర్చు, రెండు మూడు రోజుల ఆలస్యం వల్ల దాన్ని అడిగేవాళ్లు తక్కువ.

కయ్యల్లో నీళ్లు, ఎలుక మూత్రం

లెప్టోస్పైరా దాచుకోవడం ఇంకో తీరు. ఎలుకల మూత్రపిండాల్లో ఇది నెలల తరబడి ఉంటుంది, ఎలుకకు ఏమీ కాదు. మూత్రంతో కయ్యల్లోకి, కాలువల్లోకి దిగుతుంది. నాట్లేసేవాళ్ల కాళ్ల పగుళ్లలోంచి, గీరుకుపోయిన చర్మంలోంచి లోపలికి వస్తుంది. దానికి ఎల్‌పీఎస్ ఉంది, తొడుగేమీ లేదు. కానీ దాని ఎల్‌పీఎస్‌లోని కొవ్వు భాగం ఆకారం వేరు. చిట్టెలుక టీఎల్‌ఆర్-4 దాన్ని గుర్తుపడుతుంది, మనిషి టీఎల్‌ఆర్-4 గుర్తుపట్టదు. టీఎల్‌ఆర్-4 పనిచేయని చిట్టెలుకలకు ఈ క్రిమి ఎక్కిస్తే, మామూలు చిట్టెలుకలు తట్టుకున్నచోట అవి చచ్చిపోయాయి. మన విషయంలో టీఎల్‌ఆర్-2 అనే ఇంకో గ్రాహకం కొంత పని చేస్తుంది గానీ, మొదటి గడియలు చేజారిపోతాయి. పిక్కలు పట్టేసినంత నొప్పి, కళ్లెరుపు, పచ్చకామెర్లు, మూత్రం తగ్గడం. నాట్ల తర్వాత ఇలాంటి జ్వరం వస్తే డాక్టరుకు "నీళ్లలో పనిచేశాను" అని చెప్పడం ఏ పరీక్షకూ తీసిపోదు.

స్క్రబ్ టైఫస్: కేంద్రకంలోంచి లాగేసేది

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యమనిపించేది ఇదే. ఉదయగిరి, కనిగిరి, గిద్దలూరు వైపు తుప్పల్లో జీవాలు మేపేవాళ్లకూ, గడ్డి కోసేవాళ్లకూ వానల తర్వాత చలి మొదలయ్యే నెలల్లో ఎక్కువగా వస్తుంది. నల్లి జాతి పురుగు పిల్లదశలో, కంటికి ఆననంత చిన్నగా ఉన్నప్పుడు, మనిషిని కుడుతుంది. నొప్పుండదు. బట్ట బిగుతుగా ఉండే చోట్లూ, ముడతలూ దానికిష్టం. చంక, గజ్జ, రొమ్ముల కింద, మొలతాడు కట్టుకునే చోట. కుట్టినచోట కొద్ది రోజులకు సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది, చుట్టూ ఎర్రటి అంచు. నొప్పి, దురద లేకపోవడంతో మనిషికి అదొకటుందని తెలియదు. మన ఒంటి రంగులో డాక్టరుకూ కనపడకపోవచ్చు, మొలతాడు పక్కకు జరిపి చూస్తే తప్ప.

లోపలికి దిగేది ఓరియెన్షియా సుట్సుగముషి. దీనికి ఎల్‌పీఎస్ లేనే లేదు. రక్తనాళాల లోపలి గోడ కణాల్లోకీ, ఏ కణాలైతే దాన్ని పట్టుకోవాలో ఆ మాక్రోఫేజ్‌ల్లోకీ దూరుతుంది. మింగిన సంచిలోంచి తప్పించుకొని కణద్రవంలోకి దిగి, కణం తన సొంత సరుకు మోయించుకునే మోటారు ప్రోటీన్లనే పట్టుకొని కేంద్రకం పక్కకు చేరి అక్కడ పిల్లలు పెడుతుంది.

అక్కడ కూర్చొని చేసే పని చూడండి. ఎన్‌ఎఫ్-కప్పా-బి ఎంత కేంద్రకంలోకి దూకినా, ఈ క్రిమి వదిలే యాంక్-1, యాంక్-6 అనే రెండు ప్రోటీన్లు కూడా లోపలికెళ్లి, సరుకును బయటికి పంపే కణం సొంత ఏర్పాటునే వాడుకొని దాన్ని మళ్లీ బయటికి ఈడ్చేస్తాయి. షట్టర్ తెరుచుకుంది, కబురు కేంద్రకం దాకా వచ్చింది, చదివేలోపు చించేశారు. మరో ప్రోటీన్, యాంక్-5, ఎన్‌ఎల్‌ఆర్‌సీ5 అనే నియంత్రకాన్ని నాశనం చేయిస్తుంది. దాంతో కణం తన లోపల శత్రువున్నాడని టి కణాలనే తెల్లకణాలకు పైకెత్తి చూపించే ఎంహెచ్‌సీ-1 పలకలు తగ్గిపోతాయి. లోపలి కబురూ లేదు, బయటికి సంజ్ఞా లేదు.

ఎంతోకాలం ఇలా నెట్టుకురాలేదు. కుట్టిన ఆరు రోజుల నుంచి మూడు వారాల మధ్య సంఖ్య పెరిగిపోయి, పక్క కణాలు గుర్తుపట్టి, ఒక్కసారిగా సైటోకైన్లు ఎగదన్నుతాయి. అప్పటికి క్రిమి రక్తనాళాలన్నిట్లో ఉంది. నాళాలు కారుతాయి. ఊపిరితిత్తులు, మెదడు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ప్లేట్‌లెట్లు పడిపోతాయి కాబట్టి డెంగీ అనుకుంటారు, విడాల్ పాజిటివ్ వస్తే టైఫాయిడ్ అనుకొని సెఫలోస్పోరిన్ జాతి యాంటీబయాటిక్ అయిన సెఫ్ట్రియాక్సోన్ ఎక్కిస్తారు. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ జాతి మందులు దీని మీద పనిచేయవు. డాక్సీసైక్లిన్ పడితే చాలామందిలో 48 గంటల్లో జ్వరం దిగుతుంది. ఇది క్రిమి చావడం వల్ల దిగిన జ్వరం. జబ్బు ముదిరినవాళ్లలో డాక్సీసైక్లిన్‌తో పాటు అజిత్రోమైసిన్ కూడా కలిపి రక్తంలోకి ఎక్కిస్తే ఒక్క మందు కన్నా మేలని వెల్లూరు సీఎంసీ ముందుండి నడిపించిన అధ్యయనం 2023లో చూపింది. అన్నట్టు, డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ల వంశంలోది. ఆ వంశానికి పెద్దదైన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ ప్రయోగశాల నుంచి. అదే ఏడాది ఆయన పోయారు.

క్షయ గురించి క్లుప్తంగా

క్షయ క్రిమి మాక్రోఫేజ్ కడుపులోనే కాపురం పెట్టే రకం. మింగిన సంచి యాసిడ్ సంచితో కలిస్తే క్రిమి అరిగిపోవాలి. అది సాప్‌ఎం అనే ఎంజైమ్‌తో సంచి మీదుండే 'కలపండి' అనే కొవ్వు గుర్తును చెరిపేస్తుంది. పీటీపీఏ అనే మరోదానితో యాసిడ్ పంపును దరిదాపుల్లోకి రానివ్వదు. టి కణాలు ఇంటర్ఫెరాన్ గామా అనే కబురు పంపి మాక్రోఫేజ్‌ను మళ్లీ రగిలిస్తే తప్ప ఆట ముందుకు సాగదు. చాలామందిలో ఆ రగిలింపు సరిపోయి, క్రిమి గడ్డలో బందీ అయి ఏళ్ల తరబడి పడి ఉంటుంది. ఇగ్రా అనే రక్తపరీక్ష ఈ ఇంటర్ఫెరాన్ గామానే కొలుస్తుంది. ఆ కాపలా ఎంత సున్నితమో కీళ్లవాతం మందులు చెప్పాయి. టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడకంలోకి వచ్చాక, నిద్రపోతున్న క్షయ లేచి కూర్చుందని 2001లో నివేదికలొచ్చాయి. ఇప్పుడు ఆ మందు మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష తప్పనిసరిగా చేస్తారు. ఒకే ఒక్క కబురును ఆపితే ఇంత.

ఇదంతా విన్నాక కబురు ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదేమో అనిపిస్తుంది. ఇన్‌ఫెక్షన్‌కు ఒళ్లంతా అదుపు తప్పి స్పందించే సెప్సిస్‌లో జరిగేది దానికి తిరగబడిన కథ. బ్యాక్టీరియా రక్తంలో పెరిగిపోయి ఎల్‌పీఎస్ కణద్రవంలోకి కూడా దూరితే, కాస్పేజ్-4 అనే ఎంజైమ్ దాన్ని అక్కడ పట్టుకొని గ్యాస్‌డెర్మిన్-డి అనే ప్రోటీన్‌ను కత్తిరిస్తుంది. ఆ ముక్కలు కణం పొరకు బొక్కలు పెడతాయి. కణం పగిలి, లోపలున్న ఐఎల్-1 అంతా బయటపడుతుంది. నాళాలు వదులై బీపీ పడిపోతుంది, చిన్న నాళాల్లో రక్తం గడ్డకడుతుంది. టీఎన్‌ఎఫ్‌ను ఆపేస్తే రోగి బతుకుతాడని 1990ల్లో ఎన్నో ప్రయోగాలు చేశారు. ఎలుకల్లో బ్రహ్మాండంగా పనిచేసింది. మనుషుల్లో ఆశించిన ఫలితమివ్వలేదు. మనిషి ఆసుపత్రికి చేరేసరికి టీఎన్‌ఎఫ్ తన పని చేసేసి ఉంటుంది. పైగా సెప్సిస్ రోగి కొన్ని రోజులకు ఎదురు దిశకు పోతాడు. కణాలు అలసి ఎల్‌పీఎస్ తగిలినా పలకవు, ఆ సందులో కొత్త ఇన్‌ఫెక్షన్ ఎక్కుతుంది. ఎవరికి ఏ రోజున కబురు తగ్గించాలో, ఎవరికి పెంచాలో ఇప్పటికీ ఐసీయూల్లో పెద్ద ప్రశ్నే.

ఆ 'ఒక్క సూది'

ఐసీయూలో నిపుణులు తడబడే ఈ పనిని మన ఊళ్లలో కొందరు ఆర్‌ఎంపీలు అరుగు మీద కూర్చొని చేసేస్తారు. జ్వరమని వెళ్తే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్, ఒక నొప్పి సూది, ఏదో ఒక యాంటీబయాటిక్ రెండు మాత్రలు. సాయంత్రానికి చెమటలు పట్టి జ్వరం దిగుతుంది, ఆకలేస్తుంది, ఒంట్లో హుషారు. "సూదేయించుకున్నాడు, పొద్దునకి లేచి తిరుగుతున్నాడు" అని నలుగురికీ చెప్తారు. అది మందు గొప్పతనం కాదు. డెక్సామెథాసోన్ కణంలో తన గ్రాహకాన్ని పట్టుకొని కేంద్రకంలోకి వెళ్లి ఎన్‌ఎఫ్-కప్పా-బి నోరు నొక్కేస్తుంది. ఐఎల్-1, ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ తగ్గిపోతాయి, జ్వరమూ తగ్గిపోతుంది. ఓరియెన్షియా యాంక్-1, యాంక్-6లతో ఏం సాధించడానికి తంటాలు పడుతుందో, దానికా శ్రమ తప్పించి ఒళ్లంతటా ఒకేసారి మనమే చేసిపెడతాం. క్రిమి మాత్రం నిమ్మళంగా ఉంటుంది. ఆ రెండు మాత్రలు సెఫలోస్పోరిన్‌వైతే స్క్రబ్ టైఫస్‌కు అసలు మందే పడనట్టు.

ల్యాబ్ కాగితాన్ని కూడా ఆ సూది చెరుపుతుంది. స్టెరాయిడ్ పడినవాళ్లలో నాళాల గోడలకు అతుక్కొని ఉన్న న్యూట్రోఫిల్స్ ఊడి రక్తంలోకి వచ్చి తెల్లకణాల లెక్క పెరిగినట్టు కనిపిస్తుంది. సీఆర్‌పీ తగ్గినట్టు కనిపిస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు షుగర్ ఎగబాకుతుంది. మూడు రోజుల తర్వాత ఆయాసంతో పెద్దాసుపత్రికి చేరిన రోగి ముందు డాక్టరు ఆ అంకెల్ని ఎలా చదవాలి? ఏ సూది వేశారో చీటీ ఉండదు, అడిగితే "బలానికి వేశారు" అంటారు. కాబట్టి సూది వేసేటప్పుడే మందు పేరడిగి రాయించుకోండి, ఖాళీ ఆంపూల్ అయినా దగ్గర పెట్టుకోండి. తర్వాత చూసే డాక్టరుకు అది బాగా అక్కరకొస్తుంది.

స్టెరాయిడ్ పాపిష్టిదని నేననడం లేదు. క్షయ మెదడు పొరలకు పాకితే క్షయ మందులతో పాటు డెక్సామెథాసోన్ ఇస్తే మరణాలు తగ్గుతాయి. టైఫాయిడ్‌లోనే ఒక ప్రసిద్ధ ప్రయోగముంది. 1984లో జకార్తాలో, స్పృహ తప్పిపోతున్న, షాక్‌లోకి జారుతున్న టైఫాయిడ్ రోగులకు క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్‌తో కలిపి పెద్ద మోతాదులో డెక్సామెథాసోన్ ఇచ్చి చూశారు. ఇవ్వనివాళ్లలో 18 మందికి 10 మంది చనిపోతే, ఇచ్చినవాళ్లలో 20 మందికి ఇద్దరే పోయారు. అక్కడ వాళ్లకున్నది టైఫాయిడే, క్రిమిని చంపే మందు అప్పటికే ఎక్కుతోంది, పక్కన బీపీ చూసే మనిషి ఉన్నాడు.